దీవుల బాటసారి వాలెస్

ఉగాది సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంఘం పెద్దలు ఆదేశించారు. అటువంటప్పుడు కవులనో దేశభక్తులనో తలచుకొనడం మనవారి ఆనవాయితీ. వారిని గురించి వ్రాయగల పండితులు మన సంఘంలోనే పలువురున్నారు. మేము రైల్వేలో గుమాస్తాగా ఉన్నాము, మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినాము. అందుచేత పదునాలుగవ ఏటనే బడి మాని, రైలుమార్గాల సర్వేలో కూడబెట్టిన డబ్బుతో ప్రపంచం చూడబోయిన ఒక మనిషిని ఎంచుకున్నాము. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. మనమున్న ఈ బొంబాయిలో ఆయన ఒక వారం రోజులు బస చేశాడు కూడా. ఆ ముచ్చట ముందు వస్తుంది.

వాలెస్ 1823 జనవరి 8న వేల్సు దేశంలోని అస్క్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రికి ఉన్న కొద్దిపాటి ఆస్తి కరిగిపోయినది. బడి మానిన పిల్లవాడు అన్న విలియం వెంట గొలుసు పట్టుకొని పొలాలు కొలిచేవాడు. గట్లమీద పూచే మొక్కల పేర్లు తెలుసుకోవాలని చౌకపుస్తకం ఒకటి కొన్నాడు. అదే ఆయన కాలేజీ. విలియం ఒక రైల్వే బిల్లు విషయమై లండనులో సాక్ష్యం చెప్పి, చలిలో మూడవ తరగతి పెట్టెలో తిరిగి వస్తూ జబ్బుపడి చనిపోయాడు. ఇంగ్లండులో ఎక్కడ చూచినా రైలుమార్గాల పిచ్చి రేగిన రోజులవి. తమ్ముడు నీత్ లోయలో రైలు సర్వే చేసి రోజుకు రెండు గినీలు సంపాదించి, నూరు పౌనులు మిగిల్చాడు.

ఆ నూరు పౌనులతో 1848లో స్నేహితుడు బేట్సుతో కలిసి అమెజాను నదికి పోయాడు. పక్షులను, పురుగులను పట్టి లండనుకు పంపడం, అవి అమ్మగా వచ్చిన డబ్బుతో బ్రతకడం, ఇదీ ఏర్పాటు. నాలుగేండ్లు కష్టపడ్డాడు. సాయంగా వచ్చిన తమ్ముడు హెర్బర్టు అక్కడే జ్వరంతో పోయాడు. 1852లో తిరుగు ప్రయాణంలో నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకున్నది. వెంట తెస్తున్న సేకరణ, డైరీలు, బొమ్మలు చాలావరకు కళ్ళెదుట కాలిపోయినవి. పది రోజులు చిన్న పడవలలో ఎండకు మాడిన తరువాత వేరొక ఓడ కనిపించి కాపాడినది. ఇక జన్మలో సముద్రం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడట. ఆ ఒట్టు నాలుగు రోజులైనా నిలవలేదు.

1854 ఏప్రిల్‌లో ఆయన సింగపూరులో దిగాడు. అక్కడి నుండి ఎనిమిదేండ్లు, ఈనాడు మలేషియా, ఇండొనేషియా అని పిలువబడే దీవులలో తిరిగాడు. ప్రయాణించిన దూరం సుమారు 14,000 మైళ్ళు. మలయా భాష నేర్చుకున్నాడు. సరావాక్‌లో అలీ అనే మలయా కుర్రవాడు వంటకు కుదిరాడు. త్వరలోనే తుపాకి పేల్చడం, పిట్టల చర్మాలు ఒలిచి భద్రపరచడం నేర్చి యజమానికి కుడిభుజమైనాడు.

1856లో వాలెస్ బాలీ దీవిలో రెండు రోజులు ఆగి, అక్కడి నుండి లంబోక్ దీవికి దాటాడు. మధ్యనున్న జలసంధి ఇరుకైన చోట సుమారు 20 కిలోమీటర్లే ఉంటుంది. బాలీలో వడ్రంగిపిట్టలు, మన గిజిగాడి జాతి పిట్టలు కనిపించినవి. లంబోక్‌లో ఆ గిజిగాళ్ళు లేవు, వాటికి బదులు ఆస్ట్రేలియా వైపు ఉండే తెల్లని కాకటూ చిలుకలు కనిపించినవి. అంత చిన్న నీటిపాయకు అటొక ప్రపంచం, ఇటొక ప్రపంచం ఎందుకున్నవి? జలసంధి మిక్కిలి లోతైనది. మంచుయుగాలలో సముద్రం దిగిపోయినప్పుడు బాలీ ఆసియా నేలతో కలిసిపోయినది గాని, లంబోక్ కలవలేదు. జంతువులు బాలీ దాకా నడిచి వచ్చి అక్కడ ఆగిపోయినవి. ఈ సరిహద్దునే నేడు భూగోళ పటాలలో వాలెస్ రేఖ అంటారు.

ఆ సంవత్సరం డిసెంబరులో మకాసర్ రేవు నుండి ఆరూ దీవులకు సాగిన పడవ ప్రయాణాన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. దూరం వెయ్యి మైళ్ళు. పడమటి గాలి వీచేటప్పుడు వర్తకులు వెళతారు, ఆరు నెలలకు తూర్పు గాలి తిరిగినప్పుడు వస్తారు. మధ్యలో రావాలంటే దారి లేదు. వాలెస్ ఎక్కిన పడవ 70 టన్నులది, నావికులు సుమారు 30 మంది. పైన తాటాకు కప్పు, క్రింద వెదురు తడికె వేసిన చిన్న గది ఆయనకిచ్చారు. అందులో నిలబడితే తల తగులుతుంది. అయినా ఆవిరి ఓడల మొదటి తరగతి కంటె ఆ గదిలోనే సుఖంగా ఉన్నట్లు ఆయన వ్రాసుకున్నాడు. అక్కడ రంగు వాసన, తారు వాసన లేవు. వెదురు, పేము, కొబ్బరిపీచు, ఇవే సామాను.

ఆ పడవలోని గడియారం సంగతి వింటే మన పంచాంగం పంతులుగారు సంతోషిస్తారు. బకెట్టులో సగం నీళ్ళు పోసి, నున్నగా గీకిన కొబ్బరిచిప్పను అందులో తేలవేస్తారు. చిప్ప అడుగున సన్నని బెజ్జం ఉంటుంది. నీరు మెల్లగా ఎక్కి, సరిగా ఒక గంటకు చిప్ప మునుగుతుంది. కాపలావాడు కేకవేసి మళ్ళీ తేలవేస్తాడు. వాలెస్ తన జేబు గడియారంతో సరిచూచుకుంటే ఒక నిముషం కూడా సరిగా తేడా రాలేదు. మన పెద్దలు పెండ్లి ముహూర్తానికి నీటిలో వేసిన గడియకుడుక ఇదే తీరుది గదా!

దారిలో కే దీవులు వచ్చినవి. అక్కడివారు పాటలు పాడుకుంటూ పడవల్లో వచ్చి, ఓడమీదికి ఎక్కి, సంతోషం పట్టలేక గంతులు వేశారు. వారి వడ్రంగులు ఒక్క ఇనుప మేకు లేకుండా పలకలను కొయ్యచీలలతో కూర్చి, లోపల పేముతో బిగించి పడవలు కడతారు. ఆ పడవలు ఎంత దూరమైనా పోతాయి.

1857 జనవరి 8న, సరిగా తన ముప్పదినాలుగవ పుట్టిననాడు, వాలెస్ ఆరూలోని డోబో ఊరిలో దిగాడు. అది ఇసుకమేట మీద మూడు వరుసల పాకలు వేసుకున్న వర్తకుల ఊరు. చీనావారు, బుగీలు, జావావారు, సెరాంవారు నాలుగు భాషలు మాట్లాడుకుంటూ ముత్యపు చిప్పలు, పక్షి గూళ్ళు, ఎండిన సముద్రప్రాణులు బేరం చేసేవారు. అక్కడ పోలీసు, కోర్టు, వకీలు ఎవరూ లేరు. అయినా ఒకరి గొంతు ఒకరు కోసుకోలేదు, రాత్రిళ్ళు నిర్భయంగా నిద్రపోయారు. కలహిస్తే వర్తకం చెడుతుందని అందరికీ తెలుసు. ప్రభుత్వాలు ఇన్ని చట్టాలు చేయడం దేనికోసమా అని ఆయన ఆలోచించాడు. నలుగురు భాషలవారి నడుమ ఒకే చాలులో కాపురముండే మనకు ఇది అంత వింతగా తోచదు.

ఆయన అంత దూరం వచ్చినది స్వర్గపక్షుల కోసం. వీటి చర్మాలు ఐరోపాకు వచ్చేటప్పుడు కాళ్ళు తీసివేసి వచ్చేవి. అందుచేత ఈ పక్షులకు కాళ్ళే లేవని, ఆకాశంలోనే తిరుగుతాయని అక్కడివారు నమ్మేవారు. లిన్నేయస్ అంతటివాడు ఒకదానికి కాళ్ళులేనిదనే పేరు పెట్టాడు. వాలెస్ చేతికి మొదట రాజపక్షి వచ్చినది. పిడికెడంత పిట్ట, ఎర్రని పట్టువంటి ఈకలు, తోకకు రెండు సన్నని తీగెలు, వాటి కొసలను పచ్చని బిళ్ళలు. ఎన్ని యుగాలుగానో చూచే కన్ను లేని అడవిలో ఈ అందం పుట్టి గిట్టుతున్నదని ఆయన తలపోశాడు. నాగరికుడు ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ అందాన్ని మెచ్చుకోగలవాడే అడవిని చెరిచి దీనిని మాయం చేస్తాడని విచారించాడు. సృష్టిలోని సమస్తమూ మనిషి కోసం చేయబడినది కాదని ఆయనకు అక్కడ రూఢి అయినది. ఆ మాట అన్న చేతులే పక్షులను చంపి పెట్టెల కెత్తినవి, బోర్నియోలో ఒరాంగుటాన్ల మీద తుపాకి పేల్చినవి. దానిని దాచడం న్యాయం కాదు. తల్లిని తానే కాల్చిన ఒక ఒరాంగుటాను పిల్లను ఒళ్ళో పెట్టుకొని గంజినీళ్ళు తాగించి పెంచాడు. మూడు నెలలకు అది చనిపోతే దుఃఖించాడు.

ఆరూ లోపలి గ్రామంలో ఒక తమాషా జరిగినది. పురుగులు కుట్టి కాళ్ళు పుండ్లయి ఆయన వారాల తరబడి కదలలేక కూర్చున్నాడు. ఊరివారు చుట్టూ చేరి మీదే దేశమని అడిగారు. ఇంగ్లండు అని చెప్పాడు. ఒక ముసలివాడు నోరు తిప్పి తిప్పి పలికి చూచి, అట్లాంటి దేశం పేరు ఉండదని, తమ ఊరి పేరు ఎవరైనా సులువుగా పలుకుతారని, ఈయన నిజం దాస్తున్నాడని తేల్చివేశాడు. ప్రవాసంలో ఉన్న మనలను మదరాసీలని పిలిచే పొరుగువారికి ఎన్ని జిల్లాల పేర్లు చెప్పి విసిగినామో గుర్తు చేసుకుంటే, వాలెస్ మీద మనకు జాలి కలుగుతుంది.

1858 ఫిబ్రవరిలో, టెర్నేటులో మకాం ఉన్న రోజులలో, చలిజ్వరంతో పడుకొని ఉండగా ఆయనకొక ఆలోచన తట్టినది. పుట్టిన ప్రాణులలో అధికభాగం చనిపోతున్నవి. పరిసరాలకు తగినవి మిగిలి, వాటి గుణాలు సంతానానికి వచ్చి, క్రమంగా కొత్త జాతులు ఏర్పడతాయి. జ్వరం దిగగానే కాగితం మీద పెట్టి, తాను గౌరవించే డార్వినుకు పోస్టు చేశాడు. డార్విను ఇదే సిద్ధాంతం మీద ఇరవై ఏండ్లుగా పనిచేస్తూ ప్రకటించకుండా ఉన్నాడు. ఆయన స్నేహితులు ఇద్దరి రచనలను కలిపి 1858 జూలై 1న లండనులోని లిన్నేయన్ సొసైటీలో చదివించారు. వాలెస్‌ను ఎవరూ అడగలేదు. అడిగి జవాబు తెప్పించుకోవాలంటే నెలలు పట్టేది. సంగతి తెలిసిన వాలెస్ కోపించలేదు, తన కాగితానికి ఇంత మర్యాద దక్కినదని తల్లికి సంతోషంతో వ్రాశాడు. ఆయన అణగద్రొక్కబడినాడని కొందరు అంటారు. ఆయన మాత్రం చివరిదాకా ఆ మాట అనలేదు. 1889లో ఆ విషయంపై తాను వ్రాసిన గ్రంథానికి డార్వినిజం అనే పేరు పెట్టాడు.

1860లో సొంతంగా చిన్న పడవ కొని వైగియూ దీవికి పోయి వచ్చాడు. ఆ ప్రయాణపు కష్టాలు చెప్పనలవి కాదు. మొదటి నావికులు పారిపోయారు. పదిసార్లు పగడపు దిబ్బల కెక్కినది. నాలుగు లంగరులు పోయినవి. తెరచాపలను ఎలుకలు కొరికినవి. పన్నెండు రోజులలో రావలసిన తిరుగు ప్రయాణానికి ముప్పది ఎనిమిది రోజులు పట్టినది. దిక్సూచి దగ్గర దీపానికి చుక్క నూనె లేదు. పోయేటప్పుడు ఇద్దరు నావికులు ఒక చిన్న దీవిలో దిగి ఉండగా ప్రవాహం పడవను లాగుకొని పోయినది. వైగియూ చేరగానే వాలెస్ వారికోసం పడవను పంపాడు. అది గాలికి వెనుదిరిగి వచ్చినది. డబ్బిచ్చి మళ్ళీ పంపాడు. ఒక నెల రోజులు దుంపలు, నత్తలు, తాబేటి గ్రుడ్లు తిని బ్రతికిన ఆ ఇద్దరూ ప్రాణాలతో వచ్చారు.

ఆ దీవిలోనే ఎర్ర స్వర్గపక్షులు పట్టి తెమ్మని గ్రామస్థులకు గొడ్డళ్ళు, పూసలు ముందుగా ఇచ్చాడు. ఇచ్చినవన్నీ పోయినట్లేనని ఎవరైనా అనుకుంటారు. పడవ బయలుదేరే సమయానికి చివరివాడు పరుగున వచ్చి, ఒక పక్షిని చేతిలో పెట్టి, బాకీ తీరినదని చెప్పి వెళ్ళాడు.

1862లో తిరిగి వెళ్ళేటప్పుడు ప్రాణంతో ఉన్న రెండు స్వర్గపక్షులను సింగపూరులో కొన్నాడు. వాటికి అరటిపండ్లు, బొద్దింకలు కావాలి. ఇందుకోసమే బొంబాయిలో ఒక వారం ఆగి అరటిపండ్లు సమకూర్చుకున్నాడు. బోరీబందరు నుండి ఠాణాకు తొలి రైలు నడిచి అప్పటికి తొమ్మిదేండ్లు కావస్తున్నది. శుభ్రమైన ఓడలో బొద్దింకలు కరువై సామాను గదులలో వెతికాడు. మాల్టాలో రొట్టెల బట్టీలో బిస్కట్టు డబ్బాలనిండా పట్టుకున్నాడు. ఏప్రిల్ 1న పక్షులు క్షేమంగా లండను చేరినవి. ఎనిమిదేండ్లలో ఆయన సేకరించినవి మొత్తం 1,25,660. అందులో 83,200 పెంకుపురుగులే.

1869లో వచ్చిన ఆయన మలయా దీవుల గ్రంథం డార్వినుకు అంకితమైనది. డబ్బు నిలుపుకోవడం మాత్రం ఆయనకు రాలేదు. పెట్టుబడులు మునిగినవి, కోరిన ఉద్యోగాలు దొరకలేదు. డార్విను పూనుకొని 1881లో ఏడాదికి 200 పౌనుల పింఛను ఇప్పించాడు. మరుసటి ఏడు డార్విను శవపేటికకు భుజం పట్టినవారిలో వాలెస్ ఒకడు. ఆత్మలతో మాట్లాడవచ్చునని నమ్మడం, మశూచి టీకాలను వ్యతిరేకించడం వంటి పొరపాట్లూ ఆయనలో ఉన్నవి. 1913 నవంబరు 7న తొంబదవ ఏట కన్నుమూశాడు.

అలీ కథ మిగిలినది. 1858లో బచాన్ దీవిలో మొదట ఒక కొత్త స్వర్గపక్షిని కొట్టి తెచ్చినది అతడే. శాస్త్రజ్ఞులు దానికి వాలెస్ పేరు పెట్టారు. విడిపోయేటప్పుడు వాలెస్ అతనికి డబ్బు, రెండు తుపాకులు, మందుగుండు ఇచ్చి ఫొటో తీయించాడు. 1907లో ఒక అమెరికను శాస్త్రజ్ఞుడు టెర్నేటు వీధిలో నడుస్తుండగా ముడతలు పడిన ముసలివాడొకడు ఎదురుపడి, తాను అలీ వాలెస్‌నని చెప్పుకున్నాడు. యజమాని పేరును నలుబది అయిదేండ్లు తన ఇంటిపేరుగా దాచుకున్నాడన్నమాట.

మన ఇళ్ళలో మార్కులు తక్కువ వచ్చి కాలేజీ సీటు దొరకని పిల్లలున్నారు. వారి ముఖం చూచి నిట్టూర్చే తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లలు ఈ పండుగ సెలవులలో వాలెస్ కథ చదవాలని మా కోరిక. అదే తీరున, మన పనులలో చేదోడుగా నిలిచిన అలీలు ఎవరో పెద్దలు ఒకసారి తలచుకోవాలి.