వంటింటి కథతో మగాళ్ల అహంకారంపై సెటైర్.. ఒక్క సినిమాతోనే డైరెక్టర్‌గా ఆగిపోయిన ఎస్టర్ క్రుంబాఖోవా!

చెక్ కామెడీ సినిమా అనగానే మిలోష్ ఫోర్మన్, యిరి మెంజెల్ లాంటి దర్శకుల పేర్లే ముందు వినిపిస్తాయి. కానీ 1960ల్లో ఆ దేశంలో వచ్చిన పదునైన సెటైర్ సినిమాల వెనక ఓ మహిళ ఉన్నారు. కథలు రాశారు, కాస్ట్యూమ్స్ చేశారు, చివరికి మెగాఫోన్ కూడా పట్టారు. ఆమే ఎస్టర్ క్రుంబాఖోవా.

కాస్ట్యూమ్స్ నుంచి కథల దాకా..

ఎస్టర్ 1923 నవంబర్ 12న బర్నో నగరంలో పుట్టారు. అక్కడే అప్లైడ్ ఆర్ట్స్ చదివి, మొదట నాటకాలకు పనిచేశారు. 1960ల మొదట్లో సినిమాల్లోకి వచ్చారు. కాస్ట్యూమ్ డిజైనర్‌గా పేరు తెచ్చుకున్నారు. అయితే అక్కడితో ఆగలేదు. పాత్ర ఏం వేసుకోవాలో చూస్తూనే, ఆ పాత్ర ఏం చేయాలో కూడా రాయడం మొదలుపెట్టారు.

ఇద్దరు మేరీలు.. పార్లమెంట్‌లో రచ్చ

1966లో డైరెక్టర్ వేరా ఖిటిలోవాతో కలిసి ఆమె స్క్రిప్ట్ రాసిన సినిమా 'డైసీస్'. ఇందులో ఇద్దరమ్మాయిలు, ఇద్దరి పేరూ మేరీనే. వాళ్లు ఎవరికీ ప్రేయసి కాదు, త్యాగమూర్తి అంతకన్నా కాదు. వయసు మళ్లిన మగాళ్లతో హోటల్ బిల్లు కట్టించి, కడుపునిండా తిని, వాళ్లను రైలెక్కించి పంపేస్తారు. చివర్లో పెద్ద విందునే ధ్వంసం చేస్తారు. తర్వాత వాళ్లు ఒంటికి న్యూస్‌పేపర్లు చుట్టుకుని కనిపిస్తారు.

అదే ఏడాది యాన్ నెమెట్స్ డైరెక్షన్‌లో మరో సెటైర్ వచ్చింది. పిక్నిక్‌కి వెళ్లినవాళ్లను బలవంతంగా పార్టీలో కూర్చోబెట్టే కథ అది. అధికారానికి జనం ఎలా తలూపుతారో చూపించింది. దానికీ కథ ఎస్టర్‌దే.

1967 మేలో ఈ రెండు సినిమాలపై చెకొస్లోవాకియా పార్లమెంట్‌లో దుమారం రేగింది. 21 మంది సభ్యుల తరఫున ఓ ఎంపీ మండిపడ్డారు. తిండి వృథా చేశారన్నది 'డైసీస్'పై ప్రధాన ఆరోపణ. అంటే ఆ రోజు సభలో తిట్లు తిన్న రెండు కథల్లోనూ ఎస్టర్ చేయి ఉందన్నమాట!

'ఆమె' కథ చెప్పిన ఒకే ఒక్క సినిమా

1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సేనలు దేశంలోకి దిగాయి. ఆ తర్వాత సెన్సార్ పట్టు బిగిసింది. సరిగ్గా ఆ టైమ్‌లోనే, 1970లో ఎస్టర్ డైరెక్ట్ చేసిన ఏకైక సినిమా వచ్చింది. పేరు 'ఇంజినీర్ డెవిల్ హత్య'.

హీరోయిన్ నడివయసు ఒంటరి మహిళ. ఆమెకు పేరు కూడా లేదు, 'ఆమె' అంతే. పెళ్లి చేసుకుంటాడన్న ఆశతో ఓ పెద్దమనిషికి రకరకాలుగా వండిపెడుతుంది. అతగాడు వచ్చిన ప్రతిసారీ అన్నీ మెక్కేస్తాడు, ఆఖరికి ఫర్నిచర్‌నూ కొరికేస్తాడు. అసలు విషయం ఏంటంటే, అతను నిజంగానే దెయ్యం! కథ దాదాపుగా ఆమె ఫ్లాట్‌లోనే నడుస్తుంది. ఎదురుచూపులు, వంట, అలంకరణ అన్నీ 'ఆమె' వైపు నుంచే కనిపిస్తాయి. నడివయసు ఆడమనిషి ఇక్కడ నవ్వులపాలు కాదు. నవ్వించేది ఆమే, చివరికి లెక్క తేల్చేదీ ఆమే.

తలుపులు మూసుకుపోయాయి

మళ్లీ డైరెక్ట్ చేసే ఛాన్స్ ఎస్టర్‌కు రాలేదు. కొత్త ప్రభుత్వం కన్నెర్ర చేయడంతో 1970ల్లో సినిమా అవకాశాలు దాదాపుగా మూసుకుపోయాయి. 1983లో ఖిటిలోవా కోసం మళ్లీ స్క్రిప్ట్ రాశారు. అదీ ఆడవాళ్ల వెంటపడే ముదురు రసికుడిపై సెటైరే. 1994లో ఆమె పుస్తకం అచ్చయింది. 1996 జనవరి 13న ప్రాగ్‌లో కన్నుమూశారు.

ఆమె ఇంట్లో మిగిలిన స్కెచ్‌లు, రాతలు తర్వాత వెలుగులోకి వచ్చాయి. 2018లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో వాటితో ఎగ్జిబిషన్ పెట్టారు. దాని పేరులో కిస్మిస్‌ల ప్రస్తావన ఉంది. ఎందుకంటే, ఆ సినిమాలో దెయ్యం బలహీనత కిస్మిస్‌లే మరి!