కంటికి కానరాని కందెన

మిరప బస్తాలతో, ప్రత్తి బోరెములతో గుంటూరు త్రోవ బట్టిన ఎడ్లబండి ఇరుసునకు కందెన లేకున్న నేమగునో ఆ సీమ రైతునకు చెప్ప బనిలేదు. ఆ కందెననే శాస్త్రముగా నెంచి జీవితమును ధారవోసిన తెలుగువాడు కొలచల సీతారామయ్య.

ఆయన 1899లో కృష్ణానదికి ఆవలనున్న ఉయ్యూరున జన్మించెను. రసాయన శాస్త్రము నభ్యసించుటకై అమెరికా వెళ్లి, అచ్చటినుండి 1930లో సోవియట్ దేశమునకు తరలిపోయెను. కాన్‌స్టాంటిన్ సెర్గేయెవిచ్ రామయ్య యను పేర అచ్చటనే స్థిరపడెను.

ఆయన ఎదుట నిలిచిన చిక్కు ఇది. రష్యా చలిలో నూనె గట్టిపడినచో ఇంజను కదలదు. చలికి తాళునట్లు పలుచని నూనె పోసినచో, వేడెక్కిన ఇంజనులో అది మరింత పలుచనై భాగములు అరిగిపోవును. పొర దళసరిగా నున్నంతవరకు నూనె చిక్కదనమే లోహములను ఎడముగా నుంచును. కొన్ని అణువుల మందమునకు తగ్గినప్పుడు ఆ లెక్క చెల్లదు. అణువులు వరుసలు దీరి, ద్రవము ఘనమువలె బిగిసికొనునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అప్పుడు యంత్రమును కాచునది లోహమును అంటిపెట్టుకొను అణువుల గుణమే.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున టాంకుల నూనెలకు ఆయన కృషి అక్కరకు వచ్చెను. ఇంధనములును కందెనలును యంత్రమునం దెట్లు ప్రవర్తించునో తెలుపు కెమటాలజీకి ఆయన పితామహుడుగా పేరొందెను. 1977లో మాస్కోలో కన్నుమూసెను.

బండి సాగినంతకాలము కందెనను తలచువారుండరు. సీతారామయ్య పేరును తెలుగునాట చిరకాలము అట్లే మరుగున నుండెను.