గిడుగు రామమూర్తి పంతులుగారి యుత్తరవయస్సు

వంశధారానదీతీరమున శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమున పర్వతాలపేట యను చిన్నగ్రామము కలదు. 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని ఆ గ్రామమున గిడుగు వీర్రాజుగారికిని వెంకమ్మగారికిని ఒక కుమారుడు జనించెను. ఆయనయే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారి జన్మదినమును నేడు తెలుగుభాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. వారి పేరు విననివారు మన సంఘసభ్యులలో నుండరు. అయినను వాడుకభాషకై పోరాడినవారని మాత్రమే పెక్కండ్రెఱుగుదురు. ఆ పోరాటమునకు పూనుకొన్ననాటికి వారి వయస్సెంత, అంతకు ముందును తరువాతను వారు క్రొత్తగా నేర్చిన విద్యలెవ్వి యను సంగతి విచారించువారరుదు. ఈ వ్యాసమున ఆ సంగతినే ముఖ్యముగ విన్నవింపదలచితిని. ఉద్యోగము ముగిసిన వెనుక అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక తిరుగవేయుటయే పనిగా పెట్టుకొన్న నావంటి వారికిది మిక్కిలి యవసరమని నా తలంపు.

పండ్రెండవయేట, 1875లో, రామమూర్తిగారు తండ్రిని గోల్పోయిరి. విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనిరి. అచ్చట గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులై, మఱుసటి యేడు నెలకు ముప్పది రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించు నుపాధ్యాయులైరి. పదునేడేండ్ల ప్రాయము! కుటుంబభారము మీదనుండగనే యింటివద్ద చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, 1896లో బి.ఏ. పరీక్షలో రెండుభాగములను ముగించిరి. అప్పటికి వారు ముప్పదిమూడేండ్లవారు. విద్యార్థిదశ యిరువదేండ్లతో తీరునని నమ్మెడి లోకమున నిది యించుక విడ్డూరమే.

చరిత్ర చెప్పుచు ముఖలింగము చెంతనే యుండియు అచ్చటి రాతిగోడలమీది వ్రాతలు తమకు తెలియకుండుట వారికి సిగ్గనిపించెనేమో. ప్రాచీనలిపిని స్వయముగా నభ్యసించి ఆ దేవాలయశాసనములను చదువగల్గిరి. కళింగమునేలిన గాంగరాజులనుగూర్చి ఇంగ్లీషున వ్యాసములు వ్రాసిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును, అనగా శకవర్షము 979 నాటిదానిని, పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా సంపుటమున ప్రకటించిరి. జీతము పెంచుకొనుటకుగాని పదోన్నతికిగాని యీ విద్య వారికక్కఱకు వచ్చినది కాదు.

ఇంతకన్న కష్టమైన పని సవరభాష. పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో సవరలు నివసింతురు. నేటికిని మన సీతంపేట మన్యమునందును, ఒడిశాలోని కొండలయందును వారున్నారు. సంతలో వారు మోసపోవుటకును, కచ్చేరీలలో నోరులేనివారగుటకును భాష తెలియమియే మూలమని పంతులుగారు గ్రహించిరి. అప్పటికి ముప్పదియేండ్ల ప్రాయముననున్న వారు, తెలుగును సవరయు రెండును వచ్చిన యొక మనుష్యుని తమ యింటనే యుంచుకొని నేర్చుకొన మొదలిడిరి. గురువు అక్షరజ్ఞానము లేనివాడు, శిష్యుడు పాఠశాలలో నుపాధ్యాయుడు! ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి శిష్యస్థానమున కూర్చుండుట యెంత కష్టమో నాకు తెలియును.

సవరభాష మన తెలుగువలె ద్రావిడభాష కాదు, సంస్కృతమువలె ఆర్యభాషయు కాదు, ముండాభాషలలోనిది. కంఠబిలమును క్షణకాలము మూసి విడుచుటవలన పుట్టు ధ్వని యొకటి దానియందు కలదు. ఆ ధ్వనికి తెలుగులో అక్షరము లేదు. కర్మయగు నామపదము కుదించుకొని క్రియాపదములోనే యిమిడిపోవును; మనము వాక్యముగ చెప్పుదానిని వారొక్కపదముగ పలుకుదురు. ధాతువు నడుమ వర్ణమొకటి చేరి నామమగుటయు నందున్నది. మాకు పాణినీయమున రుధాదిగణధాతువులకు శ్నమ్ అను వికరణము అచ్చు వెనుక, అనగా ధాతువు నడుమ చేరునని చెప్పినపుడు అది యొక వింతగా నుండెడిది. అట్టి నిర్మాణము గల భాషను వ్యాకరణగ్రంథ మొక్కటియు తోడులేక చెవితో విని పట్టుకొనుట యెట్టిదో ఊహించుకొనవచ్చును. ఆ చెవికే యాపద వచ్చినది. కొండలలో తిరుగునపుడు మన్యపుజ్వరము పలుమాఱు తగిలి, క్వినైను ఎక్కువగ సేవించుటచే వారి వినికిడి చెడెను. ధ్వనులను పరిశోధించువానికి చెవుడు! అయినను పని మానలేదు. సవరభాషలో పాఠపుస్తకములు రచించి, సొంతద్రవ్యముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవరపిల్లలకు వారి మాటలలోనే చదువు చెప్పించిరి. 1913లో ప్రభుత్వమువారు రావు సాహెబు బిరుదమొసగిరి. కుమారులు గిడుగు వెంకట సీతాపతిగారును తండ్రికీ కృషియందు తోడ్పడిరి.

ఇచ్చట నా సంగతి యొకటి మనవిచేసికొందును. నేను పనిచేసిన యొక పాఠశాలలో సవరబాలుడొకడు వెనుకబల్లమీద కూర్చుండెడివాడు. ఏడాదియంతయు వాడు నోరు విప్పలేదు. మందబుద్ధియని నేను తీర్మానించుకొంటిని. వాని భాషలో నాకొక్కమాటయు రాదని నాకు తోచనేలేదు. పంతులుగారి చరిత్ర చదివిన వెనుక, అఱువదిరెండవయేట, సీతంపేట సంతలో అనాసపండ్లమ్ము నొక ముసలమ్మవద్ద నాలుగుమాటలు నేర్చుకొనబోతిని. నా యుచ్చారణమునకామె నవ్వినది, చుట్టునున్నవారును నవ్విరి. మఱునాడు పోవుటకు మనస్సు వెనుకాడెను గాని, పోయితిని. ఆ బాలుడెచ్చటనున్నాడో నే నెఱుగను.

1907లో యేట్సు దొర యుత్తరజిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగ వచ్చెను. పుస్తకములలోని తెలుగునకును వీధిలోని తెలుగునకును గల యంతరమును చూచి, యిట్లేల యుండవలెనని తెలుగువారినడుగసాగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, మన పంతులుగారును ముఖ్యులు. అప్పటికి పంతులుగారికి నలువదినాలుగేండ్లు. అంతవరకా విషయమున ప్రత్యేకముగ దృష్టి నిలిపినవారు కారు. ఇరువదియేడేండ్లు బోధించిన వెనుక, బోధనపు మూలమునే ప్రశ్నించుట కెందఱు సాహసింతురు? సవరపిల్లవానికి సవర మాటలతో చదువు చెప్పవలెనన్నచో తెలుగుపిల్లవానికి తెలుగు మాటలతో చెప్పవలదా యని వారికి తోచియుండునని నా యూహ.

1911లో ముప్పదియేండ్ల కొలువు ముగించి విశ్రాంతి గైకొనిరి. విశ్రాంతియనుమాట వారిపట్ల పేరునకు మాత్రమే. నిజమైన పని అప్పుడే మొదలైనది. ఊరూర తిరిగి ఉపన్యసించిరి, పత్రికలలో వాదించిరి. ప్రాచీనకావ్యములను, వ్యాఖ్యానములను, శాసనములను మరల చదివి, పండితులు తప్పులని త్రోసివేసిన రూపములు పూర్వుల వ్రాతలలోనే యున్నవని చూపిరి. గ్రాంథికము నిర్దుష్టముగ వ్రాయుదుమనుకొన్నవారి వ్రాతలలోనే వ్యాకరణదోషము లెన్నిచూపిరి. ఈ వాదము కొన్నియెడల మిక్కిలి తీవ్రముగ నుండెనని నా యభిప్రాయము. ఇంతకును నేనీ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నాను. సంస్కృతము చదువుకొన్ననాడు చేతికి పట్టుబడిన మార్గమిది. పంతులుగారుండినచో నీ పుటలను కూడ పట్టి తప్పులు చూపెడివారే.

ఫలితము వెంటనే రాలేదు. స్కూలుఫైనలు పరీక్షలో వ్యాసమును ఆధునికభాషలోను వ్రాయవచ్చునని 1912–13 ప్రాంతమున దొరకిన యనుమతి, జయంతి రామయ్య పంతులుగారు మొదలగు గ్రాంథికవాదుల ప్రతిఘటనముచే నిలువలేదు. 1915లో గురజాడవారు దివంగతులైరి. బాల్యమిత్రుడు పోయెను, గెలిచినదనుకొన్నది చేజారెను, చెవులు వినబడవు, వయస్సు ఏబదిరెండు. మఱొకరైనచో ఇక చాలుననుకొందురు.

1919లో పంతులుగారు తెలుగు అను పేర నొక మాసపత్రికను నెలకొల్పిరి. ఏబదియైదవయేట పత్రికానిర్వహణము క్రొత్త. ఆ పత్రిక యొక్క సంవత్సరమే నడచినది. ఆ యేటనే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము కందుకూరి వీరేశలింగము పంతులుగారి యధ్యక్షతన నేర్పడెను. వీరేశలింగముగారికప్పటికి డెబ్బదియేండ్లు. జీవితమంతయు గ్రాంథికగద్యమున నెన్నియో గ్రంథములు వ్రాసిన మహనీయుడు తన పుస్తకములకే విరుద్ధమైన పక్షమున నిలుచుట! కొన్ని మాసములకే వారు కీర్తిశేషులైరి. ఈ యిద్దఱు వృద్ధుల కలయికను తలంచుకొన్నపుడెల్ల నాకాశ్చర్యము కలుగును. మన ప్రాంతముననే అజ్జాడలో 1864లో జనించి, విజయనగర సంగీతకళాశాలకు ప్రప్రథమాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు, ఉమరుఖయ్యాము పారసీకపద్యములను సంస్కృతమునకును అచ్చతెనుగునకును తెచ్చి 1932లో ప్రకటించిరి. అపుడు వారికి అఱువదియెనిమిదేండ్లు. మన పొరుగువారిగూర్చి చెప్పుకొనక రోమనగరపు కేటో ముసలితనమున గ్రీకు నేర్చెననియే చెప్పుకొందుము!

సవరకృషియు నాగలేదు. సుమారు ముప్పదియైదేండ్ల శ్రమ వెనుక, 1931లో, సవరభాషావ్యాకరణమును మద్రాసు ప్రభుత్వమువారు అచ్చువేసిరి. పంతులుగారికి అఱువదియెనిమిదేండ్లు. 1933లో రాజమహేంద్రవరమున వారి సప్తతిమహోత్సవమును జరిపి, పండితుల వ్యాససంపుటమును సమర్పించిరి. సన్మానముతో కథ ముగియుట లోకరీతి. వీరికట్లు కాలేదు. 1936లో ఒరిస్సారాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. తెలుగువారి పట్టణమును తెలుగునాటనుండి వేఱుచేయుటకు నిరసనగ, ఏబదియైదేండ్లకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. డెబ్బదిరెండేండ్లు దాటిన వయస్సున, చెవులు వినబడనివాడు, వేఱొకజిల్లాలో క్రొత్తకాపురము! మన యిండ్లలో ముసలివారిని ఒక గదినుండి వేఱొకగదికి మార్చినను అలుగుదురు.

సవర–ఇంగ్లీషు నిఘంటువును కూడ సిద్ధపఱచిరి. అది 1938లో వెలువడెను, వారి డెబ్బదియైదవయేట. ఆ సంవత్సరమే ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించిరి.

1940 జనవరి మాసమున పంతులుగారు మద్రాసులో పత్రికాప్రతినిధులను కలిసికొని, భాషావిషయమున ఇంకను జరుగవలసిన పనులను వారికి విన్నవించిరి. తరువాత వారమునకే, జనవరి 22వ తేదీని, ఆ నగరముననే దేహము చాలించిరి. తెలుగుపత్రికలన్నియు వాడుకభాషకు మరలుటయు, సుమారు మూడుదశాబ్దములకు విశ్వవిద్యాలయములు తమ పరీక్షలలో దాని నంగీకరించుటయు వారు చూడలేదు.