నీలం సంజీవరెడ్డి

నీలం సంజీవరెడ్డి (1913 మే 19 - 1996 జూన్ 1) భారతదేశపు ఆరవ రాష్ట్రపతి, ఆంధ్ర ప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. రెండు పర్యాయాలు లోక్‌సభ స్పీకరుగా పనిచేసాడు. ఉక్కు, రేవులు, విమానయానం వంటి శాఖలను మంత్రిగా నిర్వహించిన ఆయన, తరువాత ఆ శాఖలు జవాబు చెప్పవలసిన సభకే అధ్యక్షత వహించాడు.

తొలి జీవితం

అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించాడు. అనంతపురంలో కళాశాల చదువు మానివేసి స్వాతంత్ర్యోద్యమంలో చేరాడు. 1956లో ముఖ్యమంత్రి అయ్యాడు. రెండవసారి ఆ పదవిలో ఉండగా, కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీం కోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో రాజీనామా చేసాడు.

కేంద్ర మంత్రిగా

1964లో ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యాడు. ఆ కాలంలోనే, 1965లో, ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైనదని సిఫారసు చేసింది. 1966 జనవరి 24న రవాణా, విమానయాన, నౌకా, పర్యాటక శాఖలు చేపట్టాడు. విశాఖపట్నం రేవు కూడా ఆ శాఖల పరిధిలోనిదే. అదే రోజు ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాలలో కూలి 117 మంది మరణించారు. వారిలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకడు. ఆ ఏడాది నవంబరు 1న విశాఖలో ఉక్కు ఉద్యమకారులపై పోలీసు కాల్పులు జరిగాయి.

స్పీకరుగా

1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై, స్పీకరు అయ్యాడు. సభాపతి ఏ పక్షానికీ చెందరాదని కాంగ్రెసు సభ్యత్వాన్ని వదులుకున్నాడు. ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించే ప్రభుత్వ పద్దుల సంఘానికి తొలిసారిగా ప్రతిపక్ష సభ్యుడిని, స్వతంత్ర పార్టీకి చెందిన మినూ మసానీని, అధ్యక్షుడిగా నియమించాడు. ఈ సంప్రదాయం నేటికీ కొనసాగుతున్నది. అన్ని మంత్రిత్వ శాఖలకూ స్థాయీ సంఘాలు 1993లో గాని ఏర్పడలేదు. అంతవరకు విమానయానం, అంతరిక్షం వంటి రంగాల ఖర్చును సభ తరఫున తనిఖీ చేయడంలో ఈ సంఘానిది ముఖ్యపాత్ర. విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం కూడా ఆ సభలో సభ్యుడు. విశాఖలో కర్మాగారం స్థాపిస్తామని ప్రధాని ఇందిరా గాంధీ 1970 ఏప్రిల్ 17న ఆ లోక్‌సభ కాలంలోనే పార్లమెంటులో ప్రకటించింది.

రాష్ట్రపతిగా

1969లో స్పీకరు పదవి వదలి రాష్ట్రపతి పదవికి పోటీచేసి, వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. 1977లో నంద్యాల నుండి గెలిచి తిరిగి స్పీకరు అయ్యాడు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఆ ఎన్నికలలో నెగ్గిన జనతా పార్టీ అభ్యర్థి ఆయన ఒక్కడే. అదే ఏడాది రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది ఆయన హయాంలోనే. 1982లో పదవీ విరమణ చేసాడు. 1996లో బెంగుళూరులో మరణించాడు.