మత్తు మాన్పని గాయం - మహానటి సావిత్రి

గోదావరి ఒడ్డున పెరిగిన మనకు ‘మూగమనసులు’ అంటే మన ఊరి సినిమాయే. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వంలో 1964లో వచ్చిన ఆ సినిమాలో రాధగా నటించిన సావిత్రి గారిని మన అమ్మమ్మలు ఇప్పటికీ తలుచుకుంటారు. అంతటి నటి తాగుడుకు ఎందుకు బానిసయ్యారు?

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. పెదనాన్న గారింట పెరిగారు. నాట్యం నేర్చి, నాటకాలు వేసి మద్రాసు చేరారు. 1953లో ‘దేవదాసు’, 1955లో ‘మిస్సమ్మ’, 1957లో ‘మాయాబజార్’తో ప్రతి ఇంటి మనిషి అయ్యారు. 1960లో ‘చివరకు మిగిలేది’ సినిమాలో, మానసిక రోగులకు సేవచేస్తూ చివరకు తానే మతి చెదిరిన నర్సుగా నటించారు.

1952లో, అప్పటికే వివాహితుడైన నటుడు జెమినీ గణేశన్ గారిని ఆమె పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఆ కాపురం బీటలువారింది. ‘మూగమనసులు’ కథనే ‘ప్రాప్తం’ పేరుతో 1971లో తమిళంలో సొంతంగా తీస్తే తీవ్రంగా నష్టపోయారు. పన్ను బకాయిల కింద ఆస్తులు పోయాయి. తాగుడు ముదిరింది, మధుమేహం తోడైంది. 1980లో కోమాలోకి వెళ్లి, దాదాపు 19 నెలలు మంచంమీదే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు.

తాగి చెడిపోయిందని లోకం తేలిగ్గా అనేసింది. కానీ మత్తు మనసులోని నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. దిగగానే దిగులు, భయం, నిద్రలేమి రెట్టింపవుతాయి. మళ్లీ తాగాలనిపిస్తుంది. చిన్నప్పుడు ఎక్కువ దెబ్బలు తిన్న మనసులకు ఈ ప్రమాదం నాలుగు రెట్లకు పైనే అని 1998లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

మా చిన్నాన్న కూడా చేతికొచ్చిన కొడుకు గోదాట్లో మునిగి చనిపోయాకే తాగడం మొదలుపెట్టాడు. ఊరంతా తాగుబోతు అంది. చదువుకున్నవాణ్ణి, నేనూ అన్నాను. రాత్రిళ్లు నిద్ర పడుతోందా బాబాయ్ అని ఒక్కరోజైనా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

తమ్ముళ్లూ! సెలవుల నుంచి వచ్చి, పెట్టె దించి, అన్నానికి కూడా రాకుండా గోడవైపు తిరిగి పడుకునే కుర్రాడు మన హాస్టల్లో ప్రతి ఏడూ ఒకడుంటాడు. వాడి చేతికి సీసానో గంజాయో అందకముందే మనం వాడి పక్కన కూర్చోవాలి. మనవల్ల కాకపోతే వార్డెన్ గారికి చెబుదాం. టెలి మానస్ 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. మందలించడం తర్వాత. ముందు ఏమైందిరా అని అడుగుదాం.