గ్రేస్ హాపర్: పింఛను లెక్కల వెనకున్న నేవీ ఆఫీసర్

అమెరికాలో మీ బంధువులెవరైనా సోషల్ సెక్యూరిటీ పింఛను అందుకుంటున్నారా? ఆ డబ్బు లెక్కగట్టే ప్రోగ్రాముల్లో చాలా వాటిని కోబాల్ అనే పాత భాషలో రాశారు. ఆ భాషకు బాట వేసిన మనిషి గ్రేస్ హాపర్.

1906లో న్యూయార్క్‌లో పుట్టారు. 1934లో యేల్ నుంచి గణితంలో పీహెచ్‌డీ తీసుకుని వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. యుద్ధం రావడంతో 1943లో నేవీలో చేరారు. మరుసటి ఏడాదే హార్వర్డ్‌లోని మార్క్ 1 కంప్యూటర్ దగ్గర డ్యూటీ పడింది.

అక్కడ ఒకరు రాసిన లెక్కను మరొకరు నోటుబుక్కులోంచి చేత్తో ఎక్కించుకునేవారు. ఎక్కించేటప్పుడే తప్పులు దొర్లేవి. ఆ పనేదో మెషీన్‌కే అప్పగిస్తే? 1952లో ఆమె తెచ్చిన ఏ-0 చేసింది అదే. టేపు మీదున్న చిన్న ప్రోగ్రాములకు నంబర్లిచ్చారు. మీరు నంబర్లు రాస్తే చాలు, అది వాటిని వెతికి, ఒకే ప్రోగ్రాముగా కుట్టి ఇచ్చేది.

ఇవాళ స్టాటిక్ కాల్ అంటున్నది దాదాపు ఇదే. అన్నీ ముందే కలిసిపోయి ఉంటాయి కాబట్టి నడిచేటప్పుడు వెతుకులాట ఉండదు. డైనమిక్ కాల్ అలా కాదు. అవసరం పడినప్పుడే చిన్న ప్రోగ్రామును పేరుతో వెతికి మెమరీలోకి తెస్తుంది. ఆలస్యమంతా మొదటిసారే. తర్వాత ప్రతి పిలుపుకీ పడే అదనపు భారం చాలా తక్కువ.

తక్కువే కదా అనుకోకండి. నానోసెకను అంటే ఎంతో చూపడానికి హాపర్ తన సభల్లో సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచేవారు. ఆ కాస్త సమయంలో కాంతి వెళ్లగలిగే దూరం అంతే. ఒకే పిలుపు కోట్లసార్లు జరిగితే ఆ తీగముక్కలన్నీ కలిసి చెప్పుకోదగ్గ సమయమే అవుతాయి.

మరి స్టాటిక్‌కే ఓటా? పింఛను రేటు మారిందనుకోండి. పాత లెక్కను కలుపుకున్న ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ కట్టాలి, మళ్లీ పరీక్షించాలి. ఒక్కటి మరిచిపోతే ఆ దారిలో వెళ్లే పింఛనుదారుకు పాత మొత్తమే పడుతుంది. డైనమిక్‌లో ఒక్క ఫైలు మారిస్తే సరి. అయితే అందులో తప్పుంటే అందరికీ తప్పే పడుతుంది! తరచూ మారే నిబంధనలకు డైనమిక్, తేదీ సరిచూడటంలాంటి మారని పనులకు స్టాటిక్ వాడటమే మేలు.

ఆమెను కోబాల్ తల్లి అంటారు గానీ, 1959లో దాన్ని రూపొందించింది ఒక కమిటీ. ఆమె సలహాదారు. కాకపోతే అది చాలావరకు ఆమె ఫ్లో-మాటిక్ భాష మీదే నిలబడింది.

1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2020లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నర్ కోరారు.