రికార్డు మీద పేరు లేని వాద్యకారుడు

పాట విన్నప్పుడు మనకు పాడినవారి పేరు జ్ఞాపకముంటుంది. వ్రాసినదెవరు, స్వరపరచినదెవరు అని అడిగి తెలుసుకునేవారు కొందరుంటారు. వెనుక కూర్చుని వాయించినవారి పేరు అడిగేవారు మాత్రం అరుదు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు గోడల రంగును మెచ్చుకుంటారే గాని పునాది మాట ఎత్తుతారా? ఇదీ అంతే. అటువంటి పునాదిరాళ్లలో ఒకడు అమెరికా దేశపు జేమ్స్ జేమర్సన్.

ఆయన 1936 జనవరి 29వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రంలో, సముద్రతీరాన ఉన్న ఎడిస్టో ద్వీపంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలో చీమలపుట్టలో కర్ర గుచ్చి, దానికి రబ్బరు పట్టీ కట్టి మీటుతూ, చీమలచేత నాట్యం చేయిస్తున్నానని మురిసిపోయేవాడట. 1954లో తల్లితో కలసి డెట్రాయిట్ నగరానికి తరలిపోయాడు. ఆ దశాబ్దాలలో దక్షిణాది నల్లవారు లక్షల సంఖ్యలో ఉత్తరాది నగరాలకు వలసపోయారు. డెట్రాయిట్ మోటారుకార్ల కర్మాగారాలకు పేరుపొందిన ఊరు. పొట్ట చేతబట్టుకుని అక్కడికి చేరినవారు తమ పాటలను, ప్రార్థనాగీతాలను కూడా వెంట తీసుకుపోయారు. ఊరు విడిచినవారికి పాట ఎంత తోడో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నార్త్ వెస్టర్న్ హైస్కూలులో చదువుతూ జేమర్సన్ డబుల్ బేస్ పట్టాడు. అది మనిషికంటె ఎత్తైన తంత్రీవాద్యం. త్వరలోనే ఊరి క్లబ్బులలో జాజ్ కచేరీలకు వాయించసాగాడు. అదే ఊరిలో, కార్ల కర్మాగారంలో పనిచేసి వచ్చిన బెర్రీ గార్డీ అనే యువకుడు కుటుంబంవారి వద్ద 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో రికార్డుల కంపెనీ పెట్టాడు. మోటారు పట్టణం అనే అర్థం వచ్చేటట్లు తరువాత దానికి మోటౌన్ అనే పేరు స్థిరపడింది. వెస్ట్ గ్రాండ్ బూలవార్డులో 2648 నంబరు గల మామూలు ఇల్లే దాని స్టూడియో. పైకప్పు నుంచి తీగలు వేలాడుతుండే ఆ చిన్న గదిని వాద్యకారులు పాముల గుంట అని పిలుచుకునేవారు. అక్కడ వాయించిన బృందానికి ఫంక్ బ్రదర్స్ అని పేరు. జేమర్సన్ 1959 నుంచే వారిలో ఒకడైనాడు.

కొంతకాలానికి ఆయన డబుల్ బేస్ నుంచి విద్యుత్తుతో పనిచేసే బేస్ గిటారుకు మారాడు. బేస్ అంటే పాట అడుగున వినిపించే మంద్రస్వరం. అంతవరకు చాలా పాటలలో అది గడియారంలా ఒకటి రెండు స్వరాలను పట్టుకుని నడిచేది. జేమర్సన్ దానికి ప్రాణం పోశాడు. తాళం తప్పకుండానే దెబ్బకూ దెబ్బకూ నడుమ దూకుతూ, పాడేవారికి జవాబు చెబుతున్నట్లుగా వాయించాడు. విచిత్రమేమంటే కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. తోటివారు ఆ వ్రేలికి కొక్కెం అని పేరు పెట్టారు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాడు.

టెంప్టేషన్స్, సుప్రీమ్స్, ఫోర్ టాప్స్, స్టీవీ వండర్, మార్విన్ గే మొదలైనవారు పాడగా లోకమంతా మారుమ్రోగిన పాటలలో అనేకం ఆయన బేస్ మీద నిలిచినవే. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ అంతటివాడు తనపై జేమర్సన్ ప్రభావం ఉన్నదని ఒప్పుకున్నాడు. అయినా రికార్డు అట్టలమీద జేమర్సన్ పేరుండేది కాదు. డబ్బు ఇవ్వలేదనడం న్యాయం కాదు; 1968 నాటికి వారానికి 1,000 డాలర్లు ముట్టేవి. కరవైనది పేరు. 1971లో మార్విన్ గే పాడిన వాట్స్ గోయింగ్ ఆన్ రికార్డు అట్టమీద మొదటిసారిగా వాద్యకారుల పేర్లు అచ్చయినాయి. జేమర్సన్ పేరుకు ముందు సాటిలేనివాడనే విశేషణం కూడా చేర్చారు. ఆ పేరు పాట వాయించిన రాత్రి ఆయన మద్యం మత్తులో కూర్చోలేక, నేలమీద వెల్లకిలా పడుకుని వాయించాడని చెప్పుకుంటారు.

ఆ మద్యమే ఆయనకు శత్రువైంది. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్ నగరానికి తరలిపోయింది. వాద్యకారులకు ముందుగా సరైన కబురు కూడా లేదు. జేమర్సన్ కూడా అక్కడికి వెళ్లాడు గాని, 1973లో కంపెనీతో బంధం తెగిపోయింది. కొత్త బాణీలు వచ్చాయి, పిలిచేవారు తగ్గారు. 1983లో మోటౌన్ రజతోత్సవ సభ జరిగినప్పుడు ఆయనకు వేదికపై చోటు లేదు. టిక్కెట్టు కొనుక్కుని, జనంలో కూర్చుని చూశాడు. ఎన్నో ఏళ్లు తోడున్న గిటారును కూడా ఆ చివరి రోజులలో దొంగలు ఎత్తుకుపోయారు. 1983 ఆగస్టు 2వ తేదీన, 47వ ఏట కన్నుమూశాడు. డెట్రాయిట్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

కీర్తి ఆలస్యంగా వచ్చింది. 1989లో అలన్ స్లట్స్‌కీ ఆయన జీవితాన్ని, ఆయన వాయించిన స్వరాలను గ్రంథస్థం చేశాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 2002లో ఆ పుస్తకం పేరుతోనే, స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్ అనే డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. అందులో ఒక సంగతి మనసును కలచివేస్తుంది. బృందంలోని గిటారు వాద్యకారుడు రాబర్ట్ వైట్ ఒక హోటలులో కూర్చుని ఉండగా మై గర్ల్ పాట వినిపించిందట. అది వాయించినది తానేనని వడ్డించే కుర్రవానికి చెప్పబోయి, నమ్మడేమోనని ఊరుకున్నాడట. చిత్రం వచ్చేనాటికి ఆయనా లేడు, జేమర్సన్ అంతకు ముందే లేడు. 2004లో బృందానికి గ్రామీవారి జీవితసాఫల్య పురస్కారం వచ్చినప్పుడు అందుకోవడానికి మిగిలినవారు కొద్దిమందే.

సన్మానం చేయదలచినవారు మనిషి ఉండగానే చేయాలి. అమెరికా దాకా పోనక్కరలేదు. ఈసారి మన ఇంటి పెళ్లిలో సన్నాయి విని ఆనందించినప్పుడు, పక్కన డోలు వాయించినవాని పేరు కూడా అడుగుదాం. పేరు పెట్టి పిలిచి తాంబూలం ఇద్దాం.